చట్రం లేని పలక

కొన్ని వస్తువులు పాత పేరుతోనే కొత్త రూపం ధరించి మన జీవితంలోకి తిరిగి వస్తాయి. పలక అటువంటిది. నేను అక్షరాలు దిద్దుకొన్నది మార్కాపురం రాతి పలక మీద. ఆ ఊరి గనులలో దొరికే రాతిని పలుచగా చీల్చి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించి ఊరూరికీ పంపేవారు. నా చేతికందిన తొలి ఆస్తి అదే. దొండాకు, బొగ్గు కలిపి దానికి నలుపు రుద్దడం, తడిగుడ్డతో తుడవడం, పొరపాటున కాలు తగిలితే వెంటనే తీసి కళ్ళకద్దుకోవడం మా బాల్యంలో నిత్యకృత్యాలు. ఎక్కాలు వ్రాసింది ఆ పలక మీదనే. పంతులుగారు అటు తిరిగిన క్షణంలో ఏనుగు బొమ్మ గీసిందీ ఆ పలక మీదనే. చదువుకూ ఆటకూ మాకు అదొక్కటే సాధనం.

నలభై ఏళ్ళ తరువాత, 2011 వేసవిలో, నా చేతికి మరొక పలక వచ్చింది. దానిని అందరూ టాబ్లెట్ అంటున్నారు. ఆ ఆంగ్ల పదానికి ఫలకం, పలక అని కూడా అర్థముంది. కాని మా నాన్నగారికి ఆ మాట వినగానే మందుల దుకాణమే గుర్తుకు వచ్చింది. “నీకేం జబ్బు చేసిందిరా, టాబ్లెట్ కొన్నానంటున్నావు?” అని కంగారుపడ్డారు. నెల జీతంలో సగం దానికి పోసినట్లు తెలిసిన తరువాత, “అయితే జబ్బే!” అని నవ్వారు.

నిజానికి ఈ పలక ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1972లో అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న అలన్ కే అనే శాస్త్రవేత్త, పిల్లలు పుస్తకంలాగా వెంట తీసుకొని తిరగగలిగే కంప్యూటర్‌ను ఊహించి వివరంగా వ్రాశాడు. దానికి డైనాబుక్ అని పేరు పెట్టాడు. పిల్లలు దాని మీద చదవాలి, వ్రాయాలి, బొమ్మలు గీయాలి. ఆటలు ఆడడమే కాక ఆటలను తామే మార్చి తయారు చేసుకోవాలి అన్నది ఆయన ఆకాంక్ష. ఆ ఊహ సామాన్యుల ఇంటికి చేరడానికి చాలా కాలం పట్టింది. 2002లో మైక్రోసాఫ్ట్ సంస్థ కలంతో వ్రాయదగిన టాబ్లెట్ కంప్యూటర్ల కోసం ప్రత్యేకమైన విండోస్‌ను విడుదల చేసింది. ఆ యంత్రాలు ఖరీదైనవి కావడం చేత అంతగా వ్యాపించలేదు. 2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్‌ను లోకానికి చూపాడు. దాని తెర 9.7 అంగుళాలు, బరువు ముప్పావు కిలోకు లోపు. ఆ ఏప్రిల్‌లో అమెరికాలో అమ్మకాలు మొదలైన తొలి రోజే మూడు లక్షలు అమ్ముడుపోయాయి. మన దేశంలో అది 2011 జనవరిలో లభ్యమైంది. అప్పటికే మరికొన్ని సంస్థలు కూడా అటువంటి పలకలను తయారు చేయసాగాయి. నేను కొన్నది ఆ కోవకు చెందినదే. ఏ సంస్థదన్నది ఇక్కడ అప్రస్తుతం.

మొదటి రోజు నన్ను ముగ్ధుణ్ణి చేసినది దాని స్పర్శ. మీటలు లేవు, మౌస్ లేదు. వ్రేలితో తాకితే పుట తిరుగుతుంది. రెండు వ్రేళ్ళు ఎడం చేస్తే అక్షరం పెద్దదవుతుంది. గాజు అడుగున విద్యుత్తును ప్రసరింపజేసే సన్నని పారదర్శకమైన పూత ఉంటుందట. మన దేహం కూడా విద్యుద్వాహకమే గనుక, వ్రేలు సోకిన చోట అక్కడి విద్యుదావేశంలో స్వల్పమైన మార్పు కలుగుతుంది. ఆ మార్పు ఎక్కడ జరిగిందో యంత్రం పసిగడుతుంది. అందుచేతనే మామూలు కలం కొనతో ఎంత పొడిచినా అది ఉలకదు, పలకదు. బలపం అవసరం లేని పలక ఇది, వ్రేలే బలపం.

నేను కళాశాలలో తెలుగు అధ్యాపకుణ్ణి. పని కోసమే దానిని కొన్నానని అందరికీ చెప్పాను. కొంతవరకు అది నిజమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు పాత తెలుగు గ్రంథాలను పుట పుటకూ ఛాయాచిత్రం తీసి అంతర్జాలంలో ఉంచారు. అంతకు ముందు ఒక్క పద్యం సరిచూసుకోవాలంటే గ్రంథాలయానికి వెళ్ళి, బీరువా తాళాలు తీయించి, దుమ్ము దులపవలసి వచ్చేది. ఇప్పుడు రైలు ప్రయాణంలో నా ఒడిలో నూరు పుస్తకాలు ఉన్నాయి. కాని వ్రాతపనికి కూర్చుంటే ఆ ఉత్సాహం చల్లారేది. గాజు మీద అచ్చుకొట్టడం రాతి మీద తాళం వేయడం వంటిది. ఏ అక్షరం మీద వ్రేలు పడిందో కళ్ళతో చూస్తే తప్ప తెలియదు. పైగా నా పలకకు తెలుగు లిపి రాదు. మిత్రుడు తెలుగులో ఉత్తరం పంపితే అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళు వరుసగా కనిపించేవి. ఛాయాచిత్రంగా ఉన్న పాత భారతం చక్కగా కనిపిస్తుంది. నిన్న వ్రాసిన తెలుగు ఉత్తరం కనిపించదు! యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు 1991 నుంచే స్థానమున్నా, అప్పటి పలకలలో అనేకం వాటిని చూపడం నేర్చుకోలేదు. ఆ లోపం తరువాతి ఏళ్ళలో క్రమంగా తీరింది.

ఇక ఆట సంగతి. పదేళ్ళ మా అమ్మాయికి ఆ పలకను వాడే విధం ఎవరూ నేర్పలేదు. అరగంటలో అందులోని ఆటలన్నీ కనిపెట్టింది. రంగురంగుల రత్నాలను మూడేసి చొప్పున ఒక వరుసలో చేర్చే ఆట ఒకటి దానికి ప్రాణమైపోయింది. “అది పని చేసుకొనే వస్తువమ్మా, ఆటవస్తువు కాదు” అని రోజుకు రెండుసార్లు మందలించేవాణ్ణి.

మా నాన్నగారు ఊళ్ళో బడిపంతులుగా పనిచేసి విరమించినవారు. కంటి లోపలి పొర వయసుతో దెబ్బతిని, శస్త్రచికిత్సతో బాగుపడేది కాదని వైద్యులు తేల్చిన తరువాత ఆయన చదువు ఆగిపోయింది. భూతద్దంతో వార్తాపత్రికలోని పెద్ద అక్షరాలు మాత్రం కూడబలుక్కొనేవారు. ఒకనాడు సరదాగా విరాటపర్వంలోని ఒక పుట తెరచి, వ్రేళ్ళతో ఎడంచేసి, ఒక్కొక్క అక్షరం అంగుళమంత చేసి ఆయన ముందు పెట్టాను. ఆయన మాట్లాడలేదు. కాసేపటికి పెదవులు కదిలాయి. పద్యం మొత్తం చదివిన తరువాత, “ఆరేళ్ళయిందిరా” అన్నారు. అంతే.

ఆ మరుసటి వారంలో జరిగిన సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. ఒక సాయంకాలం నాన్నగారు నా గదికి వచ్చి, “ఒకసారి ఆ పలక ఇస్తావా? నిన్న సగంలో ఆపిన ఘట్టం పూర్తిచేయాలి” అన్నారు. “పనిలో ఉన్నాను నాన్నగారూ, కాసేపాగండి” అన్నాను. ఆయన వసారాలో పడకకుర్చీలో కూర్చున్నారు. కొంతసేపటికి మా అమ్మాయి నా వెనుకనుంచి తొంగి చూసి, “నాన్నా, పని అంటే ఇదేనా?” అని అడిగింది. తెర మీద రంగురంగుల రత్నాలున్నాయి. పరీక్షాపత్రాలు దిద్దుతూ మధ్యలో విశ్రాంతికని ఐదు నిమిషాలు తెరచిన ఆట గంటను మ్రింగివేసింది. వసారాలోకి వెళ్ళేసరికి నాన్నగారు కుర్చీలోనే నిద్రపోయారు.

మర్నాడు ఉన్నదున్నట్లు చెప్పి క్షమాపణ అడిగాను. ఆయన కోపగించలేదు. “రాతి పలక జానెడుండేది. నిండగానే తుడవవలసి వచ్చేది. తుడిచేటప్పుడు పిల్లవాడు ఒకసారి తలెత్తి చూసేవాడు. నీ పలక ఎప్పటికీ నిండదు. తలెత్తవలసిన పని అది చెప్పదు, నువ్వే చెప్పుకోవాలి” అన్నారు.

ఆ మాట నాకు ఏ యంత్రశాస్త్ర గ్రంథమూ చెప్పలేదు. ఈ పలక వల్ల చిక్కు ఆట ఉండడం వల్ల వచ్చింది కాదు. మా రాతి పలక మీదా ఏనుగు ఉండేది. పాత పలకకు చట్రం ఉంది; కొత్త పలక తెరకు అంచులున్నాయి గాని, దానిలోని లోకానికి అంచు లేదు. అందుచేత చట్రం మేమే బిగించుకొన్నాము. ఉదయం రెండు గంటలు నా పనికి, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ వరకు నాన్నగారికి, ఆ తరువాత అరగంట అమ్మాయి ఆటకు. భోజనాల వేళ అది బీరువాలో ఉండాలి. ఈ నియమాన్ని అందరికంటే ఎక్కువసార్లు ఉల్లంఘించినది నేనే. పట్టుకొన్నది మా అమ్మాయి.

ఆ ఏడాది అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం ఆకాశ్ అనే చౌక పలకను ఢిల్లీలో ఆవిష్కరించింది. ఆ వార్త చదివి వినిపిస్తే నాన్నగారు, “ప్రతి పిల్లవాడికీ పలక ఇవ్వడం మంచిదే. తుడవడం కూడా నేర్పితే ఇంకా మంచిది” అన్నారు. ఆకాశ్ ఆశించినంతగా నిలవలేదు. కాని 2020లో కరోనా కాలాన బడులు మూతపడినప్పుడు, తెరగల ఏదో ఒక సాధనం లేని పిల్లలకు చదువే అందకుండా పోవడం మనం చూశాము. పలక అందరికీ అవసరమని ఆనాడు తెలిసింది. దానితో పాటు పని ఎక్కడ ముగిసి ఆట ఎక్కడ మొదలవుతుందో తెలియని అవస్థ కూడా ఇంటింటికీ తెలిసింది.

నాన్నగారు ఆ పలక మీద విరాటపర్వం ముగించి, ఉద్యోగపర్వం సగం వరకు చదివారు. 2013లో ఆయన కాలం చేశారు. ఇప్పుడు ఆ యంత్రం పనిచేయదు. దాని పనులన్నీ జేబులోని ఫోనే చేస్తున్నది. అయినా దానిని పారవేయలేకపోయాను. బీరువాలో నా రాతి పలక పక్కన ఉంచాను. నేడు నా విద్యార్థుల చేతులలో అంతకంటె శక్తిమంతమైన పలకలున్నాయి. వాటిని వదిలిపెట్టమని నేను వారికి చెప్పను. వసారాలో ఎవరైనా ఎదురు చూస్తున్నారేమో, మధ్యమధ్య తలెత్తి చూడమని మాత్రం చెబుతాను.