వేటపాలెం తోటలో పిరికి కోతి

చీరాలలో రైలు దిగి వేటపాలేనికి ఆటో మాట్లాడుకున్నాను. బయల్దేరింది సారస్వత నికేతనం కోసం. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయాన్ని చూడకుండా ఈ దారిన ఎలా పోతాం! కానీ జీడిమామిడి తోటల మీద కోతుల గుంపు పడిందని ఆటో అబ్బాయి చెప్పగానే ముందు అటు పోనిమ్మన్నాను. కొంతకాలంగా కోతుల జన్యువుల గురించే చదువుతున్నాను మరి.

ఇసక నేలలో చెట్టు నీడన, వడిసెల భుజాన వేసుకుని కావలి పెద్దాయన కూర్చున్నాడు.

"ఆ ముందున్నదాన్ని చూడండి బాబూ, రాయి ఇసిరినా కదలదు. ఎనక సన్నగా ఉందే, అది పిరికిది. పండు కింద పడితేనే తీసుకుంటది."

ముందున్నది కొమ్మ చివరికంటా వచ్చి, పండు మెలితిప్పి కోసి, రసం కారుతుండగా నమిలి, గింజను వదిలేసింది. నడినెత్తిన పాపిడి తీసినట్టు చీలిన వెంట్రుకలు, ఒంటికన్నా పొడవైన తోక. ఇది మన దక్షిణాది కోతి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే రీసస్ దీనికి ఉత్తరాది దాయాది, తోక పొట్టి. ఒకప్పుడు గోదావరి అవతలే ఉండే ఆ జాతి ఇప్పుడు కిందికి దిగుతూ దీని చోటు ఆక్రమిస్తోంది.

ఒకే గుంపులో ఒకదానికి అంత తెగువ, ఇంకోదానికి ఇంత బెరుకు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అమెరికాలో రీసస్ కోతుల్లో దీన్నే వెతికారు. మెదడులో సెరటోనిన్‌ను తిరిగి కణంలోకి చేర్చే ప్రొటీన్ ఒకటుంది. దాని జన్యువును నడిపే భాగం కొన్ని కోతుల్లో పొట్టిగా, కొన్నింటిలో పొడుగ్గా ఉంటుంది. కాస్త రక్తం తీస్తే ఏ రకమో తెలిసిపోతుంది. 2002లో వచ్చిన ఒక అధ్యయనం నన్ను ఇప్పటికీ వదల్లేదు. పొట్టి రకం ఉండి, తల్లి లేకుండా తోటి పిల్లలతోనే పెరిగిన కోతుల్లో సెరటోనిన్ పనితీరు తగ్గింది. అదే రకం తల్లి దగ్గర పెరిగినప్పుడు ఆ తేడా కనబడనే లేదు. అంటే జన్యువు ఒక్కటే చూస్తే చాలదు, ఏ ఒడిలో పెరిగిందో కూడా రాసిపెట్టుకోవాలి.

మందుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. నల్లమందు జాతి మందులు మెదడులో పట్టుకునే గ్రాహకం తాలూకు జన్యువులో ఒక్క అక్షరం మారిన రీసస్ కోతులున్నాయి. తాగుడు మాన్పించడానికి ఇచ్చే నాల్‌ట్రెక్సోన్ ఆ మార్పు ఉన్నవాటిలోనే మద్యం మీద మోజు తగ్గించిందని 2010లో తేలింది. జన్యువు చూడకుండా రెండు రకాలనూ కలిపేస్తే మందు పనిచేసిందో లేదో తేలదు, ఆ కోతులు పడ్డ బాధంతా వృథా. ప్రయోగానికి ముందే జన్యువు చూసే ఈ పరీక్షను నేను గట్టిగా కోరేది అందుకే. ప్రయోగం తప్పదనుకున్న చోట వీలైనంత తక్కువ ప్రాణులతో తేలిపోవాలి. తేలేది కాదని ముందే తెలిస్తే మొదలుపెట్టనే కూడదు.

"కోతుల మీద ఇంత సదువుందా?" అన్నాడు పెద్దాయన.

"మీరు కరోనాకి ఏ టీకా వేయించుకున్నారు బాబాయ్?"

"కోవాక్సిన్."

హైదరాబాద్‌లో తయారైన ఆ టీకాను 2020లో 20 రీసస్ కోతుల మీద పరీక్షించారని చెప్పాను.

"ఇరవై కోతులా! ఆ మాట మాకెవరూ చెప్పలేదే."

చెప్పి ఉండాల్సింది. ఇక అమెరికా కోతుల సంగతికొస్తే, మన దేశం 1978లో రీసస్ కోతుల ఎగుమతి ఆపేసింది. అమెరికా ప్రయోగశాలల్లో భారత సంతతిగా లెక్కకెక్కినవి చాలామటుకు అంతకుముందు ఇక్కణ్ణుంచి వెళ్లినవాటి వారసులే. వాటి జన్యువుల్ని అంత శ్రద్ధగా చదివారు. మన దక్షిణాది కోతి ముప్పున్న జాతుల జాబితాకెక్కినా అంత శ్రద్ధకు నోచుకోలేదు. హైదరాబాద్ అత్తాపూర్‌లో, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారిది, ముప్పున్న జాతుల పరిరక్షణ కోసం పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల ఉంది. వెంట్రుకల నుంచి, మలం నుంచి కూడా అక్కడ జంతువుల డీఎన్ఏ తీస్తారు. ఈ తోటలో ఏ కోతినీ వల వేసి పట్టక్కర్లేదు, సూది గుచ్చక్కర్లేదు. చెట్టు కింద రాలినవి ఏరుకుంటే చాలు, ఆ పిరికిది ఎందుకు వెనకే ఉండిపోతోందో వెతకడం మొదలుపెట్టొచ్చు.