చేలగట్టు మీది పాలపిట్ట

దసరా సెలవులకు సిరిసిల్ల నుండి మనుమలు కోరుట్లకు వచ్చిరి. ఎనిమిదేండ్లవాడు గోడమీది క్యాలెండరు అంకెలు కానరావనెను.

జగిత్యాల కంటి వైద్యుడు అద్దములు వ్రాసి, "బయట ఆడుకొనునా?" అని అడిగెను. నేను తల వంచుకొంటిని. వచ్చినప్పుడెల్ల ఎండకు పోవద్దని గదిమినవాడను నేనే గదా!

చీనాలోని గ్వాంగ్‌జౌ బడులలో దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట గడిపిన పిల్లలలో, 3 ఏండ్లలో దూరపుచూపు మందగించినవారు నూటికి సుమారు 30, తక్కినవారిలో 40. ఇది 2015లో ప్రకటించిరి. పగటి వెలుతురు కనుగ్రుడ్డును సాగనీయదట.

"వీనికి అద్దములు తప్పవు. చిన్నదానినైన ఆడనియ్యండి" అని వైద్యుడనెను.

ఇప్పుడు ప్రొద్దుననే ఇద్దరినీ పసుపు చేలగట్లకు తీసికొనిపోవుచున్నాను. నిన్న తీగమీది పాలపిట్టను చెల్లె ముందు చూచెను. వాడు అద్దములు తుడుచుకొని, "నాకు గూడ కానచ్చింది తాతా!" అనెను.