రెండో మిషను కోసం ఆంబూరు దాకా

విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికి నా సంచిలో మారుబట్టల కంటే రెగ్జిన్ ముక్కలే ఎక్కువున్నాయి. బస్సు సీట్లకు వేసే మందపు రకం, కారు సీట్లకు వాడే మెత్తటి రకం, వెనక పలుచటి ఫోమ్ అంటించినది, కాస్త పైపింగ్, ఇరవై నంబరు నైలాన్ దారం, సూదుల పొట్లం. పక్కన మా మేస్త్రిగారు. ఆటోనగర్‌లో మా కుషన్ వర్క్స్‌కి ఉన్న పేరంతా ఆయన కుట్టు వల్ల వచ్చిందే. మిషనుకు డబ్బు పెట్టేది నేనైనా దాని ముందు రోజంతా కూర్చునేది ఆయన. ఆయన చెయ్యి పడకుండా మిషను కొనకూడదని ముందే అనుకున్నాను.

అప్పటికి మాకున్నది ఒక్కటే పెద్ద మిషను. సంక్రాంతి ముందు ట్రావెల్స్ బస్సులు వరసగా షెడ్డుకొచ్చే రోజుల్లో, మందపాటి అతుకు మీద సూది విరిగి, కింద దారాన్ని పట్టే హుక్కు మొన దెబ్బతింది. కొత్త హుక్కు చెన్నై నుంచి వచ్చేదాకా కోసిన రెగ్జిన్ కోసినట్టే పడి ఉంది. ఫోమ్ అంటించేవాళ్లు, సీట్లు బిగించేవాళ్లు అందరూ కుట్టు కోసం చూస్తూ కూర్చున్నారు. పండగ రోజుల్లో బస్సు ఆగిందంటే యజమానికి ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. అందరికీ సమాధానం చెప్పుకుని బయటపడ్డాక మొదలైన ప్రయాణం ఇది.

ఏదో ఒక మిషను కొంటే సరిపోదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ మిషను చవగ్గా దొరుకుతుంది, వేగం కూడా ఎక్కువే. కానీ దాంట్లో గుడ్డను నడిపేది కింద ఉన్న పళ్లు మాత్రమే. రెగ్జిన్ పైపొర ఫుట్టుకు అతుక్కుని వెనకబడుతుంది, కింది పొర ముందుకు పోతుంది. బెర్తు కవరు ఈ చివర సరిగ్గా మొదలుపెడితే ఆ చివరికొచ్చేసరికి పైముక్క మిగిలిపోయి ముడతపడుతుంది. ట్రిపుల్ ఫీడ్ మిషనులో సూది, లోపలి ఫుట్టు, కింది పళ్లు మూడూ కలిసి రెగ్జిన్‌ను జరుపుతాయి. అవి మళ్లీ వెనుదిరిగి వచ్చేలోపు బయటి ఫుట్టు దాన్ని కదలకుండా నొక్కి పడుతుంది. అందుకే పొరలన్నీ ఒకే నడకలో వెళ్తాయి. సీట్లు కుట్టే షాపుకి ఇది తప్ప వేరేది పనికిరాదని నా గట్టి నమ్మకం.

చెన్నై సెంట్రల్‌లో దిగి పెరియమేటుకు నడిచే వెళ్లాం. తోలు వ్యాపారానికి పాత అడ్డా అది. సైడెన్‌హామ్స్ రోడ్డు వైపు వెళ్తుంటేనే తోలు వాసన తగులుతుంది. బకిల్సు, జిప్పులు, బంక డబ్బాలు అమ్మే కొట్ల మధ్య మిషన్లు, విడిభాగాలు అమ్మేవాళ్లూ ఉన్నారు. అలాంటి ఒక కొట్లో సిలిండర్ బెడ్ మిషను, అంటే బల్లకు బదులు సన్నటి గుండ్రటి చేయి మీద కుట్టేది, నన్ను బాగా ఆకట్టుకుంది. హెడ్‌రెస్టులు, బ్యాగులు, గుండ్రటి అంచులకు పట్టీ వేయడం, ఇలా మా మిషను మీద ఇబ్బందిపడే పనులన్నీ దాని మీద అవలీలగా అవుతాయి. మేస్త్రిగారు కూర్చుని కుట్టి చూశారు, నచ్చింది కూడా. లేచాక మాత్రం, "బాబూ, ఇది ఉంటే మంచిదే. కానీ మన పెద్ద మిషను ఆగిన రోజున బస్సు వెనకసీటు కవరు దీని మీద ఎట్టా తిప్పమంటారు?" అన్నారు.

ఆ మాటతో నాకు లెక్క తేలింది. మేం వెతుకుతున్నది కొత్త పనులు చేసే మిషను కాదు. మొదటిది పడుకుంటే ఆ సాయంత్రానికే దాని పని అందుకునేది కావాలి. అంటే అదే సూది, అదే బాబిను, అవే ఫుట్లు పట్టాలి. మాది జూకీ 1541. దానికి 135 ఇంటూ 17 రకం సూది వేస్తాం, ఇరవై నంబరు దారానికైతే 22 సైజు. డబ్బాలో ఉన్న సూదులు, చుట్టి పెట్టిన బాబిన్లు, పైపింగ్ ఫుట్లు తీసి ఇటునుంచి అటు మార్చుకోగలగాలి.

మా 1541 పోలికతోనే చైనా నుంచి వచ్చిన కొత్త మిషను కూడా ఆ కొట్లో ఉంది. ధర కొత్త జూకీలో సగానికి తక్కువే. నేరుగా కుడితే వంక పెట్టడానికేం లేదు. మా మందపు రెగ్జిన్ నాలుగు పొరలు వేసి మధ్యలో పైపింగ్ పెట్టగానే కుట్టు పొడవు ఒక్కో చోట ఒక్కోలా వచ్చింది. చైనా మిషన్లన్నీ ఇంతేనని అనను. మా ముక్కల మీద ఆ మిషను నిలబడలేదు, అంతవరకే.

షూ ఫ్యాక్టరీల్లోంచి తీసేసిన పాత మిషన్లు ఆంబూరులో దొరుకుతాయని ఆ కొట్టాయనే చెప్పాడు. సాయంత్రం ఏలగిరి ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాం. అరక్కోణం, కాట్పాడి దాటి రాత్రికి ఆంబూరు. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, పాలారు పొడుగునా ఉన్న ఈ ఊళ్లది తోలు బతుకు. జీరక సాంబ బియ్యంతో చేసే ఆంబూరు బిర్యానీ, పక్కన పుల్లటి వంకాయ కూర తిన్నాం. పేరు ఊరికే రాలేదు.

పొద్దున్నే వెళ్లిన గోడౌనులో ఎక్కువగా ఉన్నవి పోస్ట్ బెడ్ మిషన్లు. బూటు పైభాగం కుట్టడానికి అవే కావాలి మరి. వాటి వెనక మా మిషను లాంటి ఫ్లాట్ బెడ్ ట్రిపుల్ ఫీడ్‌లు నాలుగైదు కనిపించాయి. మెకానిక్ పెద్దాయన తెలుగు మాట్లాడాడు. మేస్త్రిగారు స్విచ్చి మీద చెయ్యి వేయబోతే ఆపి, "మోటారు తర్వాతన్నా. ముందు చక్రం చేత్తో తిప్పండి, మిషను గుట్టంతా అక్కడే తెలుస్తాది" అన్నాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ మిషన్లను విప్పి చూసిన తీరు నేను జన్మలో మరిచిపోను. ప్లేటు తీసి హుక్కు మొన చుట్టూ నైలాన్ పోగు లాగారు. ఎక్కడైనా గీత ఉంటే పోగు అక్కడ పట్టేస్తుంది. చక్రం మెల్లగా తిప్పుతూ సూది కిందికంటా దిగి రెండు మిల్లీమీటర్లు పైకి లేచేసరికి హుక్కు మొన సూది కన్నానికి కాస్త పైన వచ్చిందా అని చూశారు. సూది కడ్డీని పట్టుకుని అటూ ఇటూ కదిపారు. రివర్సు కొడితే సూది పాత కన్నాల్లోనే పడుతుందా అన్నది తర్వాతి పరీక్ష. చివరగా నా సంచిలోంచి మీటరు పొడవు రెగ్జిన్ పట్టీలు రెండు తీసి కలిపి కుట్టారు. రెండు చివర్లూ సమానంగా ముగిశాయి.

వాటిలో అన్నిటికంటే నున్నగా నడిచింది పాఫ్ 1245. జర్మన్ మిషను, దాని పనితనానికి దండం పెట్టాలి. కానీ దాని సూది 134-35 రకం, పొడవే వేరు. హడావుడిలో కుర్రవాళ్లు ఒకదాని సూది ఇంకోదాంట్లో పెడితే మళ్లీ హుక్కుకే గండం. మేస్త్రిగారు దాన్ని వదల్లేక వదిలారు. పెయింటు లేచిపోయిన జూకీ 1541ఎస్ తీసుకున్నాం. ఎస్ రకానికి సేఫ్టీ క్లచ్ ఉంటుంది. దారం చిక్కుకుని హుక్కు మీద బరువు పడితే క్లచ్ విడిపోతుంది, హుక్కు బతుకుతుంది.

దానికున్న మోటారు త్రీఫేజ్‌ది, మా షాపుకున్నది సింగిల్ ఫేజ్ కరెంటు. ఆ మోటారు అక్కడే వదిలి సర్వో మోటారు కొన్నాం. అది తొక్కినప్పుడే తిరుగుతుంది. పైపింగ్ మూలల దగ్గర ఒక్కొక్క కుట్టుగా మెల్లగా వేసుకోవచ్చు. సూది తీసేసి, ఫుట్టు కింద రెగ్జిన్ ముక్క పెట్టి దించి, మిషను తలను బల్ల నుంచి విప్పి ఫోమ్ చుట్టి లారీకి వేశాం.

ఇప్పుడది పాత మిషను పక్కనే ఉంది. ఊరికే ఉంచితే నూనె గడ్డకడుతుందని మేస్త్రిగారు వారం వారం దాని మీద కొంత పని కుడతారు. కుర్రవాళ్లు నేర్చుకునేదీ దాని మీదే.

సీట్లు కుట్టే సోదరులకు ఒక్క మాట. రెండో మిషను కొనడానికి వెళ్తే మీ రెగ్జిన్, మీ దారం, మీ సూదులు సంచిలో వేసుకుని, కుట్టే మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. అమ్మేవాళ్లిచ్చిన పలుచటి గుడ్డ మీద కుట్టు చూసి డబ్బు లెక్కపెట్టకండి.