బ్రేకు తొక్కితే వణుకు

లోడుతో అరకు ఘాటు దిగుతున్న పికప్ బండి స్టీరింగ్ బ్రేకు తొక్కగానే వణికిందంటే, షెడ్డులో వినిపించే మాట ఒకటే: "డిస్క్ బెండయింది సార్." ఈ తీర్పు మీద నాకంత గురి లేదు. పోత ఇనుప డిస్కు నిజంగా వంగడం అరుదు. ఎక్కువసార్లు తేడా వచ్చేది దాని మందంలో. హబ్బు మీద తుప్పు గీకకుండానే కొత్త డిస్కు బిగించేస్తారు. అది తిరిగేటప్పుడు వెంట్రుకవాసి అటూ ఇటూ ఊగుతుంది. బ్రేకు తొక్కకపోయినా ప్యాడు ఒకేచోట రాసుకుంటూ పోయి, కొన్ని వేల కిలోమీటర్లకు అక్కడ డిస్కు అరుగుతుంది. బిగించిన రోజు బండి బాగానే ఉంటుంది కాబట్టి నింద డ్రైవరు కాలి మీదకి పోతుంది, పాపం! డయల్ గేజు పెడితే గుట్టు బయటపడుతుంది, 0.05 మిల్లీమీటర్ల ఊపు కూడా అనుమానించదగ్గదే.

బ్రేకు తొక్కకుండానే 80 దగ్గర వణికితే ముందు టైర్ల బ్యాలెన్సింగ్ చూడాలి. బ్రేకు తొక్కినప్పుడు వణుకు స్టీరింగ్‌లో కాక సీట్లో తెలిస్తే వెనక డ్రమ్ములు విప్పాలి. డిస్కు మీద నీలి మచ్చలుంటే అది బాగా కాగిందన్నమాట. క్యాలిపర్ పిన్నులు పట్టేశాయేమో కదిపి చూడాలి.

లేతు పట్టిస్తే వణుకు పోతుంది, నిజమే. కానీ డిస్కు అంచున అచ్చుపోసిన కనీస మందం ఎంతో చదివిన లేతు మేస్త్రీని నేనింకా చూడలేదు.