పర్మనెంట్

బెంగళూరు నుంచి వెళ్లే రైలుకి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరసగా తగుల్తాయి. మూడు ఊళ్లలోనూ పొద్దున్నే చీపురు పట్టేవాళ్లు రెండు రకాలు: పర్మనెంట్, ఔట్‌సోర్సింగ్. చూస్తే తేడా తెలీదు. కాలువలో జారి నడుం విరిగితే తెలుస్తుంది.

పర్మనెంట్ మనిషికి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 20వ సెక్షన్ అండ. సర్వీసులో వైకల్యం వస్తే తీసేయకూడదు. అదే జీతంతో వేరే పనివ్వాలి, కుదరకపోతే అదనపు పోస్టు సృష్టించి రిటైరయ్యేదాకా ఉంచాలి.

రెండో రకానికి ఉన్నది ఈఎస్ఐ. సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో మెడికల్ బోర్డు లెక్కగడుతుంది. పూర్తిగా పోతే వేతనంలో 90 శాతం నెలనెలా ఇస్తారు. కానీ అది పనివల్లే పోయిందని తేలాలి. ఏళ్ల తరబడి మింగిన దుమ్ముకి రుజువేది? 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఊపిరితిత్తుల జబ్బు లేదు కాబట్టి, ఆ దారిన వికలాంగుల పెన్షన్ కూడా రాదు.

మా చిన్నాయన రెండో రకం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అర్జీ రాసిపెట్టమంటే కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి చిన్నాయనా?"

"పన్లో చేరిన తేదీ ఎయ్యి నాయనా" అన్నాడు.

అదే వేశాను.