వామనగుంటల్లో రంగులు

ఆడదాని కంటికి కాటుక చాలునని మా అమ్మమ్మ సిద్ధాంతం. ఆవిడ కాటుక కొని ఎరగదు. గుంటగలగరాకు పసరులో గుడ్డ నానబెట్టి, ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించేది. పట్టిన మసిని ఆముదంతో మెదిపి భరిణెలోకి ఎత్తేది. ఆ భరిణెలో వున్నది ఒకటే రంగు. ఆ పెంపకంలో పెరిగినదాన్ని గనక, నలభై అయిదేళ్లు వచ్చేదాకా నా కంటికి మరో రంగు తగల్లేదు.

కిందటి సంక్రాంతికి మా అక్క కూతురు తన మొదటి జీతంతో నాకో బహుమతి పట్టుకొచ్చింది.

"పిన్నీ, ఇది నీకే. బీరువాలో దాచావంటే వొప్పుకోను" అంది.

మూత తీసి చూద్దును గదా, అచ్చం వామనగుంటల పీట! వరసకి ఏడేసి చొప్పున రెండు వరసలు, మొత్తం 14 గుంటలు. చింతగింజలకి బదులు రంగుపొడులు. కనురెప్పల మీద అద్దుకునే ఐషాడో పాలెట్ అది. ప్రతి గుంట కిందా ఏదో ఇంగ్లీషు పేరు, పక్కన మాట్ అనో, శాటిన్ అనో, షిమ్మర్ అనో మరో ముక్క.

తెలుగు పాఠాలు చెప్పుకు బతికేదాన్ని. పేరు తెలియని వస్తువుని ముఖానికి పూసుకోమంటే నాకు మనసొప్పలేదు. ముందు ఆ సంగతి తేల్చుకుందామని అమ్మని పిలిచాను.

మా అమ్మకి 72 ఏళ్లు. 2011లో నాన్నగారు పోయినప్పటి నుంచీ నా దగ్గరే వుంటోంది. కళ్లద్దాలు సవరించుకుని, పై వరస నుంచి చెప్పుకుంటూ పోయింది.

"ఇది ఉల్లిపొర. ఇది గోపీచందనం. ఇది ఇటికరంగు. ఇది ముక్కుపొడుం, మీ మేనత్త పెళ్లిలో నాకు పెట్టిన చీర ఈ రంగే. ఇది వంగపండు, ఇది నేరేడుపండు. రెండూ ఒకటి కాదే, సరిగ్గా చూడు. ఇది నెమలికంఠం..."

పద్నాలుగింటికీ పద్నాలుగు పేర్లు! ఒక్కచోటా తడుముకోలేదు. నాన్నగారు పోయాక వెలిసిపోయిన చీరలు తప్ప కట్టని మనిషి!

రంగులకి పేర్లు దొరికాయి. మరి మెరుపులకో? అక్కడ నా చదువు అక్కరకొచ్చింది. మాట్ అంటే బొత్తిగా మెరుపు లేనిది, ఆరిన ఎర్రమన్ను గోడలాంటిది. శాటిన్ అంటే నిగనిగ. వంకాయ తొక్క మీదా, నూనె రాసిన జడ మీదా వుంటుందే, అది. షిమ్మర్ అంటే తళతళ, చింతపండుతో తోమిన ఇత్తడి బిందె. గ్లిట్టర్ అంటే మిలమిల, రేణువు రేణువూ విడివిడిగా మెరవడం. ఈ జంటమాటలు మన భాషలో వూరికే పుట్టలేదు సుమండీ! వెలుగు దేని మీద పడి ఎలా తిరిగొస్తుందో కనిపెట్టి చూసిన కళ్లు పుట్టించిన మాటలవి.

పెట్టె వెనక దినుసుల జాబితా చదివితే మరో వింత. ఇటికరంగుకీ, గోధుమ ఛాయలకీ మూలం ఐరన్ ఆక్సైడ్. అరుగులకీ గోడలకీ పూసే ఎర్రమన్నుకి ఎరుపునిచ్చేదీ అదే. మెరుపు వచ్చేది అభ్రకం వల్ల. సన్నటి అభ్రకం రేకులకి టైటానియం డయాక్సైడ్ పలచగా పూస్తారు. ఆ పూత మందాన్నిబట్టి ముత్యపు తెలుపో, బంగారు ఛాయో, నీలమో పుడుతుంది. నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతం అభ్రకానికి పేరుపడ్డది. మా అమ్మమ్మగారి వూరు అటే. మట్టిలో ఏరిన ఆ రేకుల్ని మేము కాకిబంగారం అనేవాళ్లం. పుస్తకంలో నెమలీక పక్కన దాచుకునేవాళ్లం. ఝార్ఖండ్‌లో పసిపిల్లలు ఈ కాకిబంగారం కోసమే ప్రమాదపు గోతుల్లోకి దిగుతున్నారని 2016లో పత్రికల్లో వచ్చింది. మేము ఆటకి ఏరినది వాళ్లు కూటికి ఏరారు. ఇటువంటి పెట్టె కొనేవాళ్లు, అందులో అభ్రకం ఎక్కడిదని ఒక్కమాట విచారించడం మంచిది.

ఇక పూసుకోవడం. పిల్ల గురుపీఠమెక్కింది. ముందురోజే మోచేతి మడతలో కాస్త రాసి, దురదా దద్దురూ రాలేదని చూసుకున్నాకే కంటిదాకా వెళ్లాం. మాట్ రంగుని కుంచెతో రెప్ప మడతలో అద్దింది. షిమ్మర్‌ని వేలికొసతో రెప్ప మధ్య నొక్కింది. కుంచెతో అయితే రేణువులు బుగ్గల మీద రాలతాయట. అద్దంలో చూసుకుంటే, నా వయసు గీత గీతా లెక్కకొచ్చింది. మెరుపు ముడతని దాచదు, చాటింపు వేస్తుంది! కడిగేసి, ఇటికరంగు వేసి, అంచున నిగనిగలాడే ముక్కుపొడుం దిద్దితే, కంటినిండా నిద్రపోయి లేచినట్టు కళ్లు తేటపడ్డాయి. మావారు పేపరు దించి చూసి, "కళ్లజోడు మార్చావా?" అన్నారు. మొగవాళ్ల పరిశీలన అంతవరకే! సెలవులయ్యాక కాలేజీలో మాత్రం మొదటి బెంచీ పిల్ల ఇట్టే కనిపెట్టి పక్కపిల్ల చెవిలో వూదింది.

ఆ పూసుకున్న రోజునే మరొకటి జరిగింది. ఒకరి కుంచె ఒకరు వాడితే కంటిజబ్బులు అంటుకుంటాయని చెబుతూ, పిల్ల కొత్త కుంచె ఒకటి తీసింది.

"అమ్మమ్మా, నీకూ వెయ్యనా?"

అమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "నాకెందుకే ఇప్పుడు" అంది. అంటూనే వేలు చాచి నేరేడుపండు గుంటని తాకింది. ముంజేతి మీద సన్నగా గీసుకుని, కిటికీ వెలుగులోకి తిప్పి చాలాసేపు చూసుకుంది. తరవాత కొంగుతో తుడిచేసుకుంది.

మొగుడు పోయిన ఆడది రంగులు వదులుకోవాలని శాసించినవాళ్లు మంచి చీరలు తీసుకున్నారు, కాటుక తీసుకున్నారు. చూపు మాత్రం తీసుకోలేకపోయారు. వంగపండుకీ నేరేడుపండుకీ తేడా పట్టే కంటికి రంగు తగదని ఎవరు చెప్పగలరు? ఈ మాట నేను అమ్మతో అనలేదు. రోజూ పొద్దున్న పెట్టె తెరిచి, "ఇవాళ ఏది వెయ్యమంటావు?" అని ఆవిడనే అడగడం మొదలుపెట్టాను. నా ఏ చీరకి ఏ ఛాయ నప్పుతుందో చెప్పడం ఆవిడ వంతయింది.

ఉగాదికి బట్టలు కొనడానికి బజారుకి వెళ్లాం. కొట్టబ్బాయి "పెద్దావిడకేగా అండీ" అంటూ తెల్లవీ, బూడిదరంగువీ దించాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మ వాటిని పక్కకి నెట్టింది.

"నేరేడుపండు రంగు చూపించు నాయనా. తళతళలొద్దు. నిగనిగ చాలు" అంది.