కుట్టుమిషను పుట్టిన చోటు

శ్రీకాకుళం ప్రాంతానికీ కలకత్తాకూ సంబంధం ఈనాటిది కాదు. 1855లో రిష్రాలో తొలి జూట్ మిల్లు వెలసిన పిదప హుగ్లీ నది ఇరుదరులా మిల్లులు బారులు తీరాయి. వాటిలో పనికోసం బీహారు, ఒరిస్సాల వారితోపాటు ఉత్తరాంధ్ర పల్లెల వారూ తరలివెళ్లారు. టిటాగఢ్ కూలి లైన్లలో తెలుగు వినిపించేది. ఆ దారినే వెళ్లిన ఒక కార్మికుని కుమారుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు, తన అరవై ఎనిమిదవ ఏట, 2024 శీతకాలంలో, కుమార్తెను చూడడానికి హౌరాలో రైలు దిగారు.

తండ్రి 1964లో మిల్లు జీతం కూడబెట్టి కొన్న ఉషా కుట్టుమిషను ఆయన ఇంట ఇంకా ఉంది. మనియార్డరు రాని నెలల్లో ఊరివారి రవికలు కుట్టి తల్లి పొయ్యి ఆరనివ్వలేదు. ఆయన చదువు ఆ చక్రం మీదనే నడిచింది.

కుమార్తె సాల్ట్‌లేక్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగిని. ఆ ఏడాది మార్చిలోనే ప్రారంభమైన మెట్రో మార్గంలో, హుగ్లీ నది అడుగునుంచి, తండ్రిని ఎస్ప్లనేడుకు చేర్చింది. మరునాటి సాయంకాలం ప్రిన్స్ అన్వర్ షా రోడ్డులోని సౌత్ సిటీ మాల్‌కు తీసుకువెళ్లింది. 2008లో తెరచిన ఆ విపణి ప్రక్కనే ముప్పై అయిదు అంతస్తుల నివాసాలు నిలిచి ఉన్నాయి.

"నాన్నా, మన ఇంటి మిషను పుట్టిన చోటు ఇదే" అన్నది ఆమె.

ఉషా కుట్టుమిషన్లను తయారుచేసిన జే ఇంజనీరింగ్ వర్క్స్ కర్మాగారం ఆ నేలమీదనే ఉండేది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఈ నగరపు పరిశ్రమలు ఒక్కనాడు కూలినవి కావు. 1947 విభజనతో జనుము పండే పొలాలు అధికభాగం తూర్పు పాకిస్తాన్‌కు పోగా మిల్లులు ఇవతల మిగిలాయి. ఉక్కుకు దేశమంతటా ఒకే ధర ఉండేలా రవాణా ఖర్చును సమం చేసిన విధానం గనులకు చేరువగా ఉన్న ప్రాంతపు మేలును హరించింది. 1960ల చివరి ఘెరావులు, ఆ తరువాతి విద్యుత్ కొరత మిగిలిన పని పూర్తిచేశాయి. క్రమంగా యంత్రం కంటె దాని క్రింది నేలకే ఎక్కువ వెల పలికింది.

మాల్‌లో ఆయన ఒకే వస్తువు వెదికారు: మిషను సూదులు. దుకాణం తరువాత దుకాణం తిరిగారు. కౌంటర్ల వద్ద నిలబడిన యువతులు మర్యాదగా తల అడ్డంగా ఊపారు. వారి కాళ్లవైపు చూసి, "వీళ్లు కూర్చునేది ఎప్పుడమ్మా?" అని అడిగారు. కుమార్తె వద్ద సమాధానం లేదు. కొంతసేపటికి ఆమె మెల్లగా అన్నది: "తాతగారు మిల్లు సైరను విని లేచేవారు. నేను ఫోను మోగితే లేస్తున్నాను. పనికోసం వచ్చిన ఊరు మాత్రం ఇద్దరికీ ఇదే కదా, నాన్నా!"

రాత్రి పార్క్ స్ట్రీటుకు వెళ్లారు. దీపతోరణాల క్రింద జనం కిక్కిరిసి ఉన్నారు. 1969లో ఉషా ఉతుప్ చీర కట్టుకొని పాడిన ట్రింకాస్ లోపలనుంచి సంగీతం వినిపిస్తున్నది. తండ్రి ఈ వీథిని ఎన్నడైనా చూశాడా అన్న ఆలోచన ఆయనను వదలలేదు. టిటాగఢ్ ఇక్కడికి ఎంతో దూరం కాదు. అయినా తండ్రి చెప్పిన కలకత్తాలో మిల్లు గేటు, మనియార్డరు కిటికీ, హౌరా వంతెన తప్ప మరేమీ ఉండేవి కావు. నగరపు ఆనందానికి బాడుగ కట్టినవారిలో ఎందరు దాని గడప తొక్కారో! ఆయన మనుమరాలి వయసు పిల్లలు నవ్వుతూ దాటిపోతున్నారు. వారి నవ్వుమీద ఆయనకు కోపం రాలేదు.

మర్నాడు గరియాహాట్ కాలిబాటమీద, గుండీలు, దారపు ఉండలు పరచుకొన్న ఒక వృద్ధుని వద్ద సూదులు దొరికాయి. మిషను పేరు వినగానే ఆ వృద్ధుడు ఎన్నో నంబరు కావాలని అడిగి, పొట్లం కట్టి ఇచ్చాడు. ఆయన రెండు పొట్లాలు తీసుకొన్నారు. ఒకటి ఇంటికి. రెండవది కుమార్తె చేతిలో పెట్టి, "కుట్టడం నేర్చుకోనక్కరలేదు, దాచుకో" అన్నారు.